పెన్షన్ ప్లాన్లు విలీనమయ్యాక కంపెనీ తప్పుకోవాలంటే బాకీ ఎలా చూసుకోవాలి?

అమెరికాలో ట్రక్కింగ్, నిర్మాణం వంటి రంగాల్లో అనేక కంపెనీలు కలిసి ఒకే యూనియన్ పెన్షన్ ప్లాన్‌కు డబ్బు కడతాయి. కార్మికులకు ఇప్పటికే ఖాయమైన పెన్షన్లకు నిధి చాలకపోతే, మధ్యలో తప్పుకునే కంపెనీ ఆ లోటులో తన వాటా చెల్లించాలి. 1980 నాటి చట్టం తెచ్చిన ఈ బాధ్యతే విత్‌డ్రాయల్ లయబిలిటీ. అక్కడ ఇలాంటి వ్యాపారం నడుపుతున్న, కొనబోతున్న తెలుగువాళ్లకు ఇది ముందే తెలిసి ఉండాలి. ప్లాన్ మరో ప్లాన్‌తో కలిసిపోతే లెక్క ఇంకా చిక్కుపడుతుంది.

మొదట అంచనా అడగండి. మీరు రాతపూర్వకంగా కోరితే, ఇప్పుడు తప్పుకుంటే ఎంత కట్టాలో ప్లాన్ సాధారణంగా 180 రోజుల్లోపు చెప్పాలి. 12 నెలలకు ఒకసారి అడగవచ్చు. విలీనం మాట వినిపించగానే అడగండి, పూర్తయ్యాక, ఆ 12 నెలల గడువు చూసుకుని మళ్లీ అడగండి. రెండూ పక్కన పెట్టుకుంటేనే తేడా కనిపిస్తుంది.

తర్వాత తేదీలు చూడండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. విలీనం తర్వాత మొదలయ్యే మొదటి ప్లాన్ సంవత్సరంలో (ప్లాన్ తన లెక్కలకు వాడే 12 నెలల కాలంలో) తప్పుకుంటే, రెండు ప్లాన్లూ ఇంకా విడివిడిగానే ఉన్నట్టు లెక్క కడతారు. ప్లాన్ సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు వరకు అనుకుందాం. జూలైలో విలీనం జరిగితే, మరుసటి జనవరి నుంచి డిసెంబరు దాకా ఈ నియమం వర్తిస్తుంది. ఆ గడువు దాటితే, కలిసిన ప్లాన్ ఎంచుకున్న పంపకం పద్ధతి ప్రకారం మీ వాటా తేలుతుంది. పాత ప్లాన్ లోటు ఎవరి మీద పడుతుంది, కొత్త లోటు ఎలా పంచుతారు అన్నది ఆ పద్ధతిలోనే ఉంటుంది. అందుకే విలీన ఒప్పందం, పంపకం నియమాల కాపీలు అడిగి తీసుకుని, ఈ రంగం తెలిసిన యాక్చువరీకి (పెన్షన్ బాకీలు లెక్కగట్టే నిపుణుడికి) చూపించండి.

ఏటా ఎంత కట్టాలో మీరే ఉజ్జాయింపుగా చూసుకోవచ్చు. గత పదేళ్లలో పని గంటలు అత్యధికంగా నమోదైన వరుస మూడేళ్ల సగటు తీసుకుని, ఆ పదేళ్లలో మీరు ప్లాన్‌కు గంటకు కట్టిన అత్యధిక చందా రేటుతో గుణించండి. సగటు 20,000 గంటలు, రేటు గంటకు 5 డాలర్లు అయితే ఏడాదికి లక్ష డాలర్లు. మామూలుగా 20 ఏళ్లకు మించి కట్టనక్కర్లేదు. కానీ కంపెనీలన్నీ మూకుమ్మడిగా తప్పుకుంటే ఈ పరిమితి ఉండదు.

పూర్తిగా మానేయకపోయినా బాకీ పడవచ్చు. ప్లాన్‌కు లెక్కయ్యే పని 70 శాతం పడిపోయి మూడేళ్లు అలాగే ఉంటే దాన్ని పాక్షికంగా తప్పుకోవడం అంటారు. అలాగే ఒకే యజమాని చేతిలో 80 శాతం వాటా ఉన్న ఇతర వ్యాపారాలు కూడా ఈ బాకీకి జవాబుదారీ కావచ్చు. ట్రక్కుల కంపెనీతో పాటు మోటెల్ కూడా ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నిర్మాణ రంగానికి ప్రత్యేక మినహాయింపు ఉంది, మీకు వర్తిస్తుందేమో లాయర్‌ను అడగండి.

బాకీ కట్టమని ప్లాన్ నుంచి డిమాండ్ నోటీసు వస్తే టెన్షన్ పడుతూ కూర్చోకండి. లెక్కపై అభ్యంతరాన్ని 90 రోజుల్లోపు రాసి పంపాలి. ప్లాన్ జవాబిచ్చిన రోజు నుంచి గానీ, మీరు అభ్యంతరం పంపి 120 రోజులైన రోజు నుంచి గానీ, ఏది ముందైతే దాని నుంచి 60 రోజుల్లో ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు) వెళ్లాలి. వివాదం నడుస్తున్నా వాయిదాలు మాత్రం కడుతూనే ఉండాలి.