బావి గట్టున ముందు మోకు, తర్వాతే ఈత

చంద్రగిరి దగ్గర మా మామిడి తోపులో పాత మెట్ల బావి ఒకటుంది. వేసవి సెలవులిస్తే మా అక్క పిల్లలు, వాళ్ల స్నేహితులు పొద్దస్తమానం అక్కడే. నేనూ నడుముకు ఎండు సొరకాయలు కట్టుకుని అందులోనే ఈత నేర్చుకున్నాను. ఇప్పుడు నేర్పేది నేను. మోటారు ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలి, మోకు ఒక కొస లారీ ట్యూబుకు, ఇంకో కొస మామిడి చెట్టుకు కట్టాలి. అంతవరకు ఎవరినీ నీళ్లలో కాలు పెట్టనివ్వను.

నా పదహారో ఏట మా చిన్నాన్న కొడుకు పాచి పట్టిన మెట్టు మీద జారి లోతులో పడ్డాడు. వాడు కేక కూడా వేయలేదు. తల వెనక్కి వాలిపోయింది, నోరు నీళ్ల మీదికి వస్తోంది, మునుగుతోంది. రెండు చేతులతో నీళ్లను కిందికి నొక్కుతున్నాడు. ఆడుకుంటున్నాడనుకున్నాం. విషయం అర్థమయ్యాక దూకేశాను. వాడు నా మెడ కరుచుకున్నాడు, ఇద్దరం మునిగాం. అవ్వ గట్టు మీద ఆరేసిన చీర లాగి, ఒక చెంగు చేతికి చుట్టుకుని, రెండోది విసిరింది. అదే మా చేతికి దొరికింది.

అందుకే చెబుతున్నా, మీకు ఎంత బాగా ఈత వచ్చినా మునిగే మనిషి మీదికి దూకకండి. గట్టున బోర్లా పడుకుని కర్రో, పంచో, చీరో అందించండి. అందేంత దగ్గరలో లేకపోతే మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్ విసరండి. దాన్ని రొమ్ముకు హత్తుకుంటే తేలతారు. ఈలోగా గట్టిగా అరిచి నలుగురినీ పిలవండి.

బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం వద్దు. ఊపిరి లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి రెండుసార్లు ఊదాలి. తర్వాత రొమ్ము మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కాలి, మళ్లీ రెండుసార్లు ఊదాలి. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం ఉండాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. తేరుకుని లేచి కూర్చున్నా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతే కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం రావచ్చు.

స్వర్ణముఖి నదిలో సంగతి వేరు. ఇసుక తీసిన గుంతలు పైకి కనిపించవు, మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో నిలువెత్తు లోతులోకి వెళ్లిపోతారు. తెలియని చోట పిల్లలను దింపకండి. తలకోన జలపాతంలో స్నానం చేసేటప్పుడు నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా చెప్పులు, ఫోన్లు చూసుకోకుండా పక్కనున్న ఎత్తుకు ఎక్కేయండి. మన నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడి ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరీ జాగ్రత్త. 2021 నవంబరు వానలకు తిరుపతి కపిలతీర్థం జలపాతం దగ్గర నీళ్లు దూకిన తీరు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

పిల్లలకు చేతులూ కాళ్లూ ఆడించడం కన్నా ముందు నేను వెల్లకిలా తేలడం నేర్పుతాను. పిక్క పట్టేసినా, అలసట వచ్చినా అలా తేలుతూ ఊపిరి తీసుకోవచ్చు. దాని తర్వాత ట్యూబు విసరడం. మా చిన్న మేనకోడలికి ఇంకా ఈత రాదు కానీ, ట్యూబు మాత్రం బావి అవతలి మెట్ల దాకా విసురుతుంది.