వానాకాలం పొంగే కమోడ్, వేసవిలో వాసనొచ్చే గది: డెల్టా ఇళ్లలో బాత్రూమ్ తిప్పలు

మా ఇల్లు కోనసీమలో, పంటకాలువ పక్కనే. ఉన్న బాత్రూమ్‌ని మూడుసార్లు పగలగొట్టించాను. అందులో రెండుసార్లు పెట్టింది దండగ ఖర్చే, ఎందుకంటే కుళాయిలు, టైల్స్ మార్చాను గానీ గది అమరిక జోలికి పోలేదు.

ఫ్లష్ చేస్తే నీళ్లు దిగవు, పైకి లేస్తాయి

వేసవంతా బాగానే ఉండి, కాలువలు వదిలి వానలు పట్టాకే ఇలా జరుగుతుంటే పైపులో అడ్డం పడిందని తేల్చేయకండి. ఊడ్పులై చేలన్నీ నీళ్లతో నిండాక మన నేలలో ఊట పైకొచ్చేస్తుంది. పల్లపు దొడ్లలో రెండు మూడు అడుగులు తవ్వితే చాలు, నీళ్లే. సెప్టిక్ ట్యాంకు నుంచి ఇంకుడు గొయ్యికి వెళ్లిన నీరు ఇంకడానికి చోటుండదు. పైగా వరల సందుల్లోంచి బయటి ఊటే గొయ్యిలోకి వస్తుంది. గొయ్యి మూత తీయించి చూడండి. లోపలి నీళ్లు, పక్క నూతిలో నీళ్లు దాదాపు ఒకే మట్టంలో ఉంటే కారణం అదే.

కొత్తగా కట్టేవాళ్లు బాత్రూమ్ గచ్చు ఎత్తు రోడ్డుని చూసి పెట్టొద్దు. 2022 జూలై వరద లంక ఊళ్లను ముంచింది కదా, అలాంటి చోట అప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో పక్కింటివాళ్లని అడిగి, దానికి పైన పెట్టండి. ట్యాంకు కూడా వీలైనంత మెరక మీద, లోపలా బయటా గట్టి ప్లాస్టరింగుతో ఉండాలి. తాగునీటి బోరుకి కనీసం 50 అడుగుల దూరం చూసుకోండి.

ఇప్పటికే కట్టేసిన ఇల్లయితే కమోడ్ కింద మెట్టంత చప్టా కట్టించి, బయటి పైపుకి నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లని ఒకవైపే పోనిచ్చేది) పెట్టించండి. అది మూసుకున్నప్పుడు మన నీళ్లూ పోవు, నిజమే. కానీ బయటి మురుగు ఇంట్లోకి రాదు. ఇంకోమాట, ఊట పైనున్న రోజుల్లో ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించకండి. కింది నీరు ఖాళీ ట్యాంకుని పైకి తన్నేస్తుంది, ప్లాస్టిక్‌దైతే మరీను. ఆ పని వేసవిలో, కాలువలు కట్టేశాక పెట్టుకోండి.

గచ్చు ఎప్పుడూ తడే

మా మూడో రిపేరు దీనికోసమే. "వాటం బాగానే ఉందండీ" అన్నాడు మేస్త్రి. ఒక బకెట్ నీళ్లు గుమ్మం దగ్గర కుమ్మరించాను. సగం నహానీ ట్రాప్ (గచ్చులో జాలీ కింద ఉండే తూము) వైపు వెళ్లాయి, మిగతా సగం కమోడ్ చుట్టూ తిరిగి అక్కడే కూర్చున్నాయి. మేస్త్రి ఒకసారి తల గోక్కుని, రసమట్టం తెచ్చుకున్నాడు.

వాటం 4 అడుగులకు అర అంగుళం పైనే ఉండాలి. అదొక్కటే చాలదు. గుమ్మం దగ్గర షవర్, ఆ చివర కమోడ్ ఉంటే ఎంత వాటమున్నా తడిలో నడిచే వెళ్లాలి. గుమ్మంలోకి రాగానే వాష్‌బేసిన్, తర్వాత కమోడ్, చివరన కిటికీ కింద స్నానం, అక్కడే తూము: 5 అడుగులకు 8 అడుగుల గదిలో ఈ వరస చక్కగా కుదురుతుంది. స్నానం చోటుని అంగుళం పల్లం చేసి, మధ్యలో సన్నని గట్టు కట్టిస్తే మిగతాది పొడిగా ఉంటుంది. పైపులన్నీ ఒకే గోడకి వస్తాయి, ఖర్చూ తగ్గుతుంది.

వాడని గదిలోంచి వాసన

మెట్ల కింద చుట్టాల కోసం కట్టిన చిన్న గదిలోనే ఇది ఎక్కువ. ట్రాప్‌లో 2 అంగుళాల నీళ్లు నిలిచి మురుగు గాలిని ఆపుతాయి. మే నెల ఎండకి అవి ఆరిపోతాయి. వారానికోసారి తూములో చెంబుడు నీళ్లు పోసి, ఒకసారి ఫ్లష్ కొట్టండి. అయినా వస్తుంటే ట్యాంకు గాలి గొట్టం కిటికీ ఎత్తులోనే ఆగిపోయిందేమో చూసి, డాబా పైదాకా లేపించండి.

పొద్దున్నే తలుపు కొట్టుకోవడం

ఇంట్లో నలుగురైదుగురు ఉండి, స్నానం, లెట్రిన్ ఒకే గదిలో ఉంటే ఒకరు లోపలుండగా రెండూ ఆగిపోతాయి. పడగ్గదికొకటి అటాచ్డ్ కట్టుకోవడం ఒక దారి, కానీ ఖర్చు. ఉన్న గదినే గోడతో విడదీసి రెండు తలుపులు పెట్టడం చవక. పాత పెంకుటిళ్లలో దొడ్లో రెండూ వేరుగానే ఉండేవి, మనమే ముచ్చటపడి కలిపేశాం. స్నానానికి 4 అడుగుల వెడల్పు, లెట్రిన్‌కి 3 అడుగులు ఉంటే చాలు. రెండు పడగ్గదుల మధ్య రెండు తలుపుల ఉమ్మడి బాత్రూమ్ మాత్రం నాకు నచ్చదు. లోపలివాళ్లు అవతలి గడియ తీయడం మర్చిపోయి వెళ్లిపోతే, ఆ గదిలోవాళ్లు బయటే.

పెద్దవాళ్లు లేవలేకపోతున్నారు

మా మామ్మకి ఇండియన్ సీటే అలవాటు, మోకాళ్లు మాత్రం మొరాయించాయి. కమోడ్ పెట్టించి, పక్క గోడకి స్టీలు కడ్డీ బిగించాం, టైల్‌కి కాకుండా లోపలి ఇటుక గోడ దాకా వెళ్లే బోల్టులతో. అంతకంటే ముందు తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పించాను. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే ఎంత తోసినా రాదు. గడియ కూడా బయటినుంచి నాణెంతో తిప్పి తీసే రకం వేయించాను. మామ్మ మొదటివారం గొడవ పెట్టింది, గడియ సరిగ్గా పడట్లేదని.