రుద్రనాథ్‌కి ఒంటరిగా వెళ్తున్నారా? తలనొప్పితో పనార్ దాటొద్దు

2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్ర తాల్ ట్రెక్కింగ్ దారిలో తొమ్మిది మంది చనిపోయారు. 22 మంది బృందం, వెంట గైడ్లు. వాతావరణం తిరగబడి మంచుగాలిలో చిక్కుకుపోయారు. మిగిలినవాళ్ళ కోసం హెలికాప్టర్లు వెళ్ళాయి. ఆ వారంలోనే నాకో మెసేజ్ వచ్చింది. "అన్నా, గ్రూపుతో వెళ్తే ఇలా ఉంటోంది, అందుకే సోలోగా రుద్రనాథ్ ప్లాన్ చేశా" అని. ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఈ ఏడాది కూడా అలాంటి మెసేజ్‌లే వస్తున్నాయి కాబట్టి రాస్తున్నాను. రుద్రనాథ్ అంటే ఉత్తరాఖండ్ కొండల్లో ఉన్న శివుడి గుడి, కొండెక్కి వెళ్ళాలి.

బూట్లు, రెయిన్‌కోటు, టార్చి గురించి చెప్పను. వాటికి బోలెడు వీడియోలున్నాయి. ఒంటరిగా కొండెక్కేవాడు దేన్ని నమ్మాలి, దేన్ని నమ్మకూడదు, అంతవరకే చెబుతాను.

దేవుడి మీద భారం

నడక మొదలయ్యే సగర్ ఊరు సుమారు 1,700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి పనార్ బుగ్యాల్ (బుగ్యాల్ అంటే కొండ మీది పచ్చిక మైదానం) చేరతారు. పనార్ దాదాపు 3,400 మీటర్లు. మర్నాడు పిత్రధార్ అనే గట్టు దగ్గర 4,000 దరిదాపుల దాకా ఎక్కి, 3,600 దగ్గరున్న గుడికి దిగాలి. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదని డాక్టర్లు చెబుతారు. మనవాళ్ళేమో శుక్రవారం రాత్రి శంషాబాద్‌లో విమానం ఎక్కి, శనివారమంతా బస్సులో కూర్చుని గోపేశ్వర్ చేరి, ఆదివారం పొద్దున్నే కొండ మొదలుపెడతారు. కొండెక్కుతున్నామన్న కబురు ఒంటికి అందేలోపే పనార్‌లో ఉంటారు.

మూడేళ్ళ కిందట పనార్‌లోని ఒక ఢాబాలో ఒక తెలుగు కుర్రాడు కనిపించాడు. ముందున్న రాజ్మా అన్నం ముట్టుకోలేదు, కణతలు నొక్కుకుంటూ కూర్చున్నాడు. "నిద్ర చాల్లేదండీ, అంతే" అన్నాడు. పొద్దున ఢాబా వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, విభూతి పెట్టుకుని బ్యాగు తగిలించుకున్నాడు. ఇవాళ ఆగమన్నాను. "ఇంత దూరం రప్పించినవాడు గుమ్మం దాకా తీసుకెళ్ళడా అండీ?" అన్నాడు. ఆ మాటకి ఎదురు చెప్పలేక ఊరుకున్నాను. మధ్యాహ్నం ఇద్దరు గొర్రెల కాపరులు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. ఊడిన బూటు లేసు రెండు చివర్లూ చేతుల్లో పట్టుకుని దానివంకే చూస్తున్నాడు. ముడి ఎలా వేయాలో తెలియడం లేదు. ఆ సాయంత్రమే కంచరగాడిద మీద దింపారు. బతికాడు.

ఆ తర్వాత అలాంటివాళ్ళని ఇంకో ఇద్దర్ని చూశాను. అందరిదీ ఒకటే తప్పు. తలనొప్పితో పైకి ఎక్కారు.

తలనొప్పితో పైకి ఎక్కొద్దు. ఎత్తు ఒంటికి పడలేదనడానికి అది మొదటి గుర్తు కావచ్చు. ఆ ఎత్తులో మెదడుకి వాపు వస్తే మొట్టమొదట దెబ్బతినేవి నడక, తెలివి. పక్కన మనిషుంటే "ఏంట్రా తూలుతున్నావ్" అని అడుగుతాడు. ఒంటరిగా ఉంటే ఆ తూలడాన్ని కనిపెట్టాల్సింది కూడా ఆ వాచిన మెదడే. అందుకే ఆ నిర్ణయం పైన తీసుకునేది కాదు. కింద, సగర్‌లో టీ తాగుతూ తీసుకోవాలి. తలనొప్పి వస్తే ఆగుతాను, తగ్గకపోతే దిగుతాను అని కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. మొక్కు ఎక్కడికీ పోదు. చలికాలం మూసిన గుడి మళ్ళీ మే నెలలో తెరుస్తారు.

మనుషుల మీద

ఢాబా వాళ్ళని నమ్మండి. మీ పేరు, ఇంటి నంబరు, తిరిగొచ్చే టైమ్ రాసివ్వండి. పైకి అక్కర్లేని సామాను వాళ్ళ దగ్గరే వదిలి, డబ్బులు కూడా కొంత బాకీ ఉంచండి. నవ్వులాటకి కాదు, సాయంత్రానికి మీరు రాకపోతే వాళ్ళకి తప్పకుండా గుర్తుకొస్తారు.

దిగి వచ్చేవాళ్ళ "బస్ ఆధా ఘంటా"ని నమ్మొద్దు. వాళ్ళ అరగంట మనకి రెండు గంటలు. కాపరి మందని కిందికి తోలుతుంటే కారణం అడక్కుండా మీరూ దిగండి. దారిలో కలిసినవాళ్ళిచ్చిన డయామాక్స్ (ఎత్తు పడనివాళ్ళు వేసుకునే మాత్ర) మింగొద్దు. సల్ఫా మందులు పడనివాళ్ళకి అది ప్రమాదం కావచ్చు, ఇంటి దగ్గరే డాక్టర్ని అడిగి తెచ్చుకోండి.

ఫోన్ మీద

సిగ్నల్ లేనిచోట 112 కూడా కలవదు. సాటిలైట్ మెసెంజర్ కొనేద్దామనుకుంటున్నారేమో, అనుమతి లేకుండా మన దేశంలో అది నేరం. చలికి బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది, రాత్రి ఫోన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి.

ఇక మిగిలినవి, గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

ఉపవాసం ఉండొద్దు. సోమవారమైనా సరే.

చెప్పుల్లేకుండా నడుస్తానని మొక్కుకోవద్దు.

ఇంట్లో "ఫ్రెండ్స్‌తో వెళ్తున్నా" అని అబద్ధం చెప్పొద్దు. రేపు ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు సహాయక దళం) వాళ్ళు ఒక్కరి కోసం వెతకాలో నలుగురి కోసం వెతకాలో తెలీక తిప్పలు పడతారు.

మధ్యాహ్నం మబ్బు పట్టేలోపే పిత్రధార్ గట్టు దాటేయండి. పిడుగులు.

పొగమంచు కమ్మితే బుగ్యాల్‌లో కాలిబాట మాయమైపోతుంది. కూర్చోండి. వెతుక్కుంటూ నడవొద్దు.

జీన్స్ వద్దు. తడిస్తే ఆరదు.

మందు తాగొద్దు. నిద్ర మాత్రలు వద్దు.

టెంటులో బొగ్గుల కుంపటి పెట్టొద్దు. ఆ గ్యాసుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

చీకట్లో అడవి దారిన ఒక్కరే నడవొద్దు. ఎలుగుబంట్లు ఉంటాయి.

పొద్దున లేవగానే నేల మీద గీత గీసి, మడమకి వేళ్ళు ఆనిస్తూ పది అడుగులు నడవండి. తూలారా, ఇక ఆలోచించొద్దు, ఢాబా వాళ్ళకి చెప్పి తోడు తీసుకుని దిగండి. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తోందా, అప్పుడూ అంతే.

తలనొప్పితో పైకి ఎక్కొద్దు. మాత్ర వేసుకుంటే తగ్గిందా? అయినా ఆ రోజు అక్కడే ఉండండి. తగ్గలేదా? దిగండి. గుడి గంట వినిపించేంత దగ్గరికి వచ్చినా సరే, దిగండి.