ప్లాస్టర్ అచ్చు తీసేటప్పుడు నీటి వేడి చూసుకోండి

మట్టితో చేసిన చిన్న బొమ్మకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసే ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు పొడిని చూసుకున్నంతగా నీటిని చూసుకోరు. మే నెలలో హైదరాబాద్ మేడల మీది ట్యాంకుల నుంచి మధ్యాహ్నం వచ్చే వేడి నీళ్లు కలిపితే, ప్లాస్టర్ బొమ్మ వేళ్ల సందుల్లోకి, చీర మడతల్లోకి పారకముందే బకెట్లో చిక్కబడిపోతుంది. కాబట్టి ముందురోజు రాత్రి పట్టి నీడన ఉంచిన నీళ్లు గానీ, కుండ నీళ్లు గానీ వాడటం మంచిది. తూకంలో 100 పాళ్ల పొడికి సుమారు 70 పాళ్ల నీళ్లు తీసుకుని, నీళ్లలోకే పొడిని జల్లి, ఒకటి రెండు నిమిషాలు నాననిచ్చి, గరిటెను పైకి లేపకుండా నెమ్మదిగా కలిపితే గాలి బుడగలు తగ్గుతాయి.

నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది బకెట్ శుభ్రత. అంచుకు అంటుకున్న పాత ప్లాస్టర్ పెచ్చు కొత్త మిశ్రమంలో పడితే, అందులోని జిప్సం (గట్టిపడిన ప్లాస్టర్) కణాల చుట్టూ స్ఫటికాలు వేగంగా పెరిగి, చల్లని నీళ్ల వల్ల దక్కిన వ్యవధి కాస్తా పోతుంది. కడిగిన నీళ్లను హాస్టల్ సింకులో పోస్తే ప్లాస్టర్ నీటి అడుగున కూడా గట్టిపడి గొట్టాన్ని మూసేస్తుంది (వార్డెన్‌గారికి జవాబు చెప్పుకోవడం వేరే పని). అందుచేత వాటిని బకెట్లోనే తేరనిచ్చి, అడుగున పేరుకున్న ముద్దను చెత్తలో వేయాలి.