కర్నూలు నుంచి హైదరాబాద్‌కు సీఎంఈకి వెళ్లేటప్పుడు

కర్నూలులో మత్తు డాక్టర్‌ని. ఏటా రెండుసార్లైనా హైదరాబాద్‌లో సీఎంఈకి, అంటే డాక్టర్లు కొత్త విషయాలు నేర్చుకునే శిక్షణ సదస్సుకు వెళ్తాను. దూరం 210 కిలోమీటర్లు, తెల్లవారుజామున బస్సెక్కితే పొద్దున సెషన్‌కు అందుకోవచ్చు. ముందురోజు నైట్ డ్యూటీ మాత్రం పెట్టుకోకండి. నిద్ర లేకుండా విన్నది తలకెక్కదు.

ఐదేళ్లలో కనీసం 30 గంటల సీఎంఈ ఉండాలి కదా, ఫీజు కట్టకముందే మెడికల్ కౌన్సిల్ క్రెడిట్ ఉందో లేదో అడగండి. ఒకసారి నేను అడగలేదు. రోజంతా కూర్చున్నా ఒక్క గంట కూడా లెక్కలోకి రాలేదు.

ఉపన్యాసాల కంటే వర్క్‌షాప్‌కే నా ఓటు. స్లైడ్లు ఇంట్లో చదువుకోవచ్చు, చేతి నైపుణ్యం అలా రాదు. మొదట డిఫికల్ట్ ఎయిర్‌వే (శ్వాసనాళంలో ట్యూబ్ వేయడం కష్టమైన కేసులు) వర్క్‌షాప్ చేయండి, అల్ట్రాసౌండ్‌లో నరాన్ని చూస్తూ మత్తు ఇచ్చే బ్లాకులు తర్వాత. బొమ్మ గొంతులో బూజీని (ట్యూబ్‌కు దారి చూపే సన్నటి, వంగే కడ్డీని) మెల్లగా దింపుతుంటే శ్వాసనాళం రింగులు వేళ్లకు టక్ టక్‌మని తగులుతాయి. అన్నవాహికలోకి పోతే ఏమీ తగలదు, మెత్తగా జారిపోతుంది. ఆ తేడా వేళ్లకు తెలిసేదాకా బొమ్మ దగ్గర నుంచి కదలకండి. వెనక క్యూ ఉన్నా సరే, ఇంకోసారి అడగండి.

తిరిగొచ్చిన వారంలోపే మన థియేటర్‌లో నర్సులకు, టెక్నీషియన్లకు చేసి చూపించండి. ట్యూబ్ పడక, మాస్క్‌తోనూ ఆక్సిజన్ అందనప్పుడు వెతుక్కునే టైమ్ ఉండదు. అప్పుడు మెడ ముందు నుంచి కోసి శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయాలి. అందుకే 10 నంబరు బ్లేడు, బూజీ, 6 సైజు కఫ్ ట్యూబ్ ఒకే డబ్బాలో సర్ది, అనస్థీషియా మెషీన్ పక్కనే పెట్టించాను. డబ్బా ఎక్కడుందో రాత్రి డ్యూటీ ఆయాకు కూడా తెలుసు.