ఇంట్లో వేయించిన కాఫీ రుచి చూస్తున్నారా? తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోవడం ఇలా

స్నేహితుడు తను ఇంట్లో వేయించిన కాఫీ పొట్లం చేతిలో పెట్టి ‘ఎలా ఉందో చెప్పు’ అంటాడు. ‘బాగుంది’ అంటే సంతోషిస్తాడు. కానీ మళ్లీ వేయించేటప్పుడు మంట పెంచాలో తగ్గించాలో ఆ మాటతో అతనికి తెలియదు. ‘పుల్లగా ఉంది’ అన్నా అంతే. ఆ పులుపు పొయ్యి మీద వచ్చిందా, మన నీళ్లలోంచి వచ్చిందా, గింజతోనే వచ్చిందా? అది తేల్చి చెబితేనే రుచి చూసినందుకు ఫలితం.

ముందు రుచి చూసే మన బల్ల సరిగ్గా ఉండాలి. పాలు, పంచదార, చికోరీ పక్కన పెట్టేయండి. 150 మిల్లీలీటర్ల నీళ్లకు 8.25 గ్రాముల పొడి అన్నది కప్పింగ్‌లో, అంటే కాఫీని పద్ధతిగా రుచి చూసి పరీక్షించడంలో, స్థిరపడిన లెక్క. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసుకు 11 గ్రాములు. పొడి ఫిల్టర్ పొడి కంటే బరకగా ఉండాలి. నీళ్లు మరిగాక దించి, కాస్త ఆగి, 93 డిగ్రీల దగ్గర పొడి మీద పోయండి. 4 నిమిషాల్లో పైన మందంగా పొర కడుతుంది. ముక్కు గ్లాసు అంచుకు దాదాపు తగిలేంత దగ్గర పెట్టి, చెంచా వెనక వైపుతో ఆ పొరను మూడుసార్లు మెల్లగా తోయండి. పచ్చి వాసన, పొగ, మాడు ఏదున్నా ఆ ఆవిరిలోనే ముందు తగులుతుంది. నురగ తీసేసి, మరో 6-8 నిమిషాలాగి, చెంచాతో జుర్రుమని పీల్చండి. గోరువెచ్చగా అయ్యాక ఒకసారి, పూర్తిగా చల్లారాక ఇంకోసారి తాగండి. వేడిలో దాక్కున్న లోపం చల్లారాక బయటపడుతుంది.

ఒక్కో కాఫీకి మూడు గ్లాసులు పెట్టండి. గ్లాసు అడుగున నంబరు మాత్రమే రాయండి, పేరు వద్దు. ఎన్ని గ్రాముల పచ్చి గింజలు, ఎన్ని నిమిషాలు, గింజలు పేలే చిటపట ఎప్పుడు మొదలైంది, వేయించాక బరువెంత, ఏ రోజు వేయించారు అన్న వివరాలు ముందే అడిగి తీసుకోండి. చదవడం మాత్రం తాగాకే.

అన్ని కాఫీలూ చప్పగా ఒకేలా ఉన్నాయి

వేయించినవాళ్ల తప్పు వెతక్కండి, నీళ్లు చూడండి. ఆర్వో నీళ్లలో ఖనిజాలు మరీ తక్కువైతే కాఫీ పలచగా, పుల్లగా తేలిపోతుంది. బోరు నీళ్లు గట్టివైతే మంచి పులుపు కూడా చచ్చిపోయి సుద్ద రుచి వస్తుంది. నీళ్లలో కరిగిన ఖనిజాలను కొలిచే టీడీఎస్ మీటరు 150 దగ్గర చూపిస్తే నిశ్చింత. ఆర్వో నీళ్లలో కొంచెం మామూలు తాగునీరు కలిపితే అక్కడికి వచ్చేస్తుంది. దీంతోపాటు, మీకు బాగా తెలిసిన కాఫీ ఒకటి ఎప్పుడూ ఆ వరసలో పెట్టండి. అదీ చప్పగా ఉంటే లోపం మన బల్ల మీదే ఉంది.

నురగ పొంగిపోతోంది, నాలుక మీద చురుక్కుమంటోంది, లోపల రుచి లేదు

గింజ మరీ తాజా. వేయించినప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్ ఇంకా బయటికి పోలేదు. కనీసం 8 గంటలైనా ఆగాలి. నేనైతే మూడో రోజున మళ్లీ తాగి అప్పుడు మాట్లాడతాను. పొర అసలు కట్టకుండా, అట్టముక్క వాసన వస్తే ఉల్టా: పాతబడిపోయింది.

పచ్చి గడ్డి వాసన, పచ్చి పల్లీ రుచి, వగరుతో కూడిన పులుపు

ఇంట్లో వేయించిన కాఫీల్లో నాకు తరచుగా ఎదురయ్యేది ఇదే. అందరూ దీన్ని ‘లైట్ రోస్ట్ అంటే ఇలాగే ఉంటుంది’ అని సర్దుకుపోతారు. ఉండకూడదు. మంచి పులుపు కమలాపండులా ఉంటుంది, వెనకే తీపి వస్తుంది. ఇది పచ్చి చింతకాయ కొరికినట్టు నోరు పట్టేస్తుంది, వెనక ఏమీ రాదు.

రుజువు కోసం గింజ తీసి కొరకండి. బాగా వేగింది పుటుక్కున విరుగుతుంది. పచ్చిది పంటికి బెరడులా సాగుతుంది. తర్వాత గింజ పైరంగును పొడి రంగుతో పోల్చండి. పొడి చాలా లేతగా ఉందంటే పైన రంగు వచ్చింది, లోపల వేగలేదు. మూడో సాక్ష్యం తూకం. పచ్చి గింజలో నీరే 10-12 శాతం ఉంటుంది. 200 గ్రాములు వేయిస్తే 180 గ్రాములు మిగిలాయంటే పోయింది దాదాపు నీరే, వేగడం ఇంకా మొదట్లోనే ఉంది. లేత, మధ్యస్థ రోస్టులకు 168-176 గ్రాముల మధ్య రావాలి.

కారణం రెండు రకాలు. చిటపట మొదలవగానే భయపడి దించేయడం ఒకటి. ఆ మొదటి చిటపట 196 డిగ్రీల ప్రాంతంలో వస్తుంది, పాప్‌కార్న్ పేలినట్టు వినపడుతుంది. అది మొదలయ్యాక మంట కొంచెం తగ్గించి ఇంకో ఒకటిన్నర, రెండు నిమిషాలు ఉంచమనండి. రెండోది, మొదట్లోనే పెద్ద మంట పెట్టి పైభాగాన్ని తొందరపెట్టడం. అక్కడ చివర్లో సమయం పెంచితే మాడుతుంది. మొదటి మంట తగ్గించాలి.

ఇక్కడ గింజ పుట్టిన చోటూ లెక్కే. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరబికా 900-1100 మీటర్ల ఎత్తున పండుతుంది. రెండు వేల మీటర్ల దగ్గర పండే ఇథియోపియా గింజ సాధారణంగా అంతకంటే గట్టిది, ఎక్కువ వేడి తట్టుకుంటుంది. ఆ గింజకు కుదిరిన మంటే అరకు గింజకు పెడితే పైన కాలి లోపల పచ్చిగా మిగులుతుంది.

రంగు ముచ్చటగా ఉంది, రుచి మాత్రం ఎండిన రొట్టె

ఈ లోపం నన్ను ఒకసారి నిలువునా మోసం చేసింది. ఆరు కాఫీల వరసలో ఒకటి మాత్రం దాల్చినచెక్క రంగులో, ఒక్క గింజా తేడా లేకుండా మెరుస్తోంది. తాగకముందే మనసులో దానికి మొదటి స్థానం ఇచ్చేశాను. మొదటి గుక్కలో రొట్టె వాసన, రెండో గుక్కలో ఏమీ లేదు. చల్లారాక వేడినీళ్లలో అటుకులు నానబెట్టినట్టుంది. పొట్లంతో వచ్చిన చీటీ విప్పితే 400 గ్రాములు, 24 నిమిషాలు. చిన్న మూకుట్లో అంత సరుకు వేస్తే వేడి చాలదు, మధ్యలో ఉష్ణోగ్రత పెరగడం ఆగిపోతుంది. గింజ వేగదు, నెమ్మదిగా ఉడుకుతుంది. తీపీ పులుపూ రెండూ అక్కడే పోతాయి.

పరిష్కారం తేలిక: సరుకు సగం చేయాలి, చిటపటకు ముందు మంట తగ్గించకూడదు, మొత్తం 10-13 నిమిషాల్లో ముగించాలి. ఆ చీటీ వెనక ఇదే రాసి పంపాను. తర్వాత వచ్చిన పొట్లంలో గింజలు అంత అందంగా లేవు. కాఫీలో మాత్రం బెల్లం తీపి వచ్చింది.

మాడు, పొగ

గింజ చదునైన వైపు నల్లటి మచ్చలుంటే పెనం ముందే మరీ కాలింది, గరిటె ఆగింది. మచ్చల్లేకుండా పొగ వాసనే ఉంటే పొట్టు అక్కడే కాలి గింజకు పట్టింది. చేటలో చెరిగితే పొట్టు పోతుంది. దించాక వేడి మూకుట్లోనే వదిలేసినా గింజ వేగుతూనే ఉంటుంది. జల్లెడలో పోసి ఫ్యాను కింద నాలుగైదు నిమిషాల్లో చల్లార్చాలి.

మూడు గ్లాసుల్లో ఒకటే తేడాగా ఉంది

వేయించడంలో తప్పయితే మూడింట్లోనూ కనపడాలి. ఒక్క గ్లాసులోనే పుచ్చు వాసనో, మందుల వాసనో, కాగితం రుచో ఉంటే చెడ్డ గింజ ఒకటి అందులో పడింది. పండని కాయలోంచి వచ్చిన గింజ పచ్చిగా ఉన్నప్పుడు ఓ పట్టాన దొరకదు, వేయించాక పాలిపోయి బయటపడుతుంది. పళ్లెంలో పరిచి అలాంటివి ఏరేయమనండి. వానాకాలపు తేమ గాలి పట్టించి తయారుచేసే మాన్‌సూన్డ్ మలబార్ కాఫీని మాత్రం ఈ లెక్కలో వేయకండి. పాలిపోయి ఉబ్బడం, పులుపు లేకపోవడం, మట్టి వాసన దాని స్వభావమే.

చేదు

చేదును లోపంగా రాసేముందు ‘దేనికోసం వేయించారు?’ అని అడగండి. మొదటిది ఆగి, ఇంకా వేగాక వచ్చే రెండో చిటపట దాకా వెళ్లి పైన నూనె తేలిన గింజ, పాలు కలిపే డికాషన్ కోసమైతే తప్పేమీ కాదు. అలాంటి కాఫీని నేను రెండోసారి ఫిల్టర్‌లో వేసి, పాలు పోసి చూస్తాను.

మార్కుల విషయానికొస్తే, నూటికి 80 దాటితే స్పెషాలిటీ, అంటే మేలురకం కాఫీ అన్నది పేరున్న కొలతే. ఇంట్లో వేయించినవాళ్లకు నేను అంకె పంపను. మొన్న పంపిన చీటీ ఇలా ఉంది: ‘4వ నంబరు. మూడు గ్లాసుల్లోనూ పచ్చి పల్లీ. కొరికితే సాగుతోంది. 250 గ్రాములకు 226 మిగిలాయన్నారు, తక్కువ వేగింది. మొదటి మంట మార్చకండి. చిటపట తర్వాత 40 సెకన్లకు దించారు కదా, 100 సెకన్లు చేసి పంపండి. చల్లారాక అడుగున నిమ్మ తొక్క వాసన వచ్చింది, అది పోకూడదు.’