ఇంట్లో కేకు అలంకరణ: బటర్‌క్రీమ్ నుంచి ఫాండెంట్ దాకా

కేకు చక్కగా పొంగుతుంది. మీద క్రీమ్ పెట్టగానే జారిపోతుంది. ఫాండెంట్ (పిండిలా పిసికి, ఒత్తి కేకు మీద కప్పే పంచదార ముద్ద) కప్పితే అంచుల్లో చిరుగుతుంది, ఫ్రిజ్‌లోంచి తీయగానే చెమటలు పడుతుంది. ఇలా జరిగినప్పుడు చాలామంది తమ చేతిలో పనితనం లేదనుకుంటారు. కారణం చాలావరకు పనితనం కాదు, వేడి లేదా తడి. పువ్వు తీర్చడం పదిసార్లు చేస్తే వచ్చేస్తుంది. వెన్న ఎంత మెత్తబడాలి, కేకు ఎంత చల్లబడాలి అన్నది తెలియకపోతే మాత్రం వందసార్లు చేసినా అదే తంతు.

బటర్‌క్రీమ్

ఉప్పు లేని వెన్న 250 గ్రాములు, ఐసింగ్ షుగర్ (మెత్తటి పంచదార పొడి) 500 గ్రాములు, పాలు 1 నుంచి 2 టేబుల్ స్పూన్లు, వెనిల్లా ఎసెన్స్ 1 టీస్పూన్, చిటికెడు ఉప్పు. 12 కప్‌కేకుల మీద ఎత్తుగా సుడి తిప్పడానికి ఇది చాలు. 20 సెంటీమీటర్ల గుండ్రటి కేకుకు లోపల పరిచి, బయట కూడా పూయాలంటే ఒకటిన్నర రెట్లు చేసుకోండి.

వెన్న 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటర్ లేకపోతే వేలితో నొక్కి చూడండి. గుంట పడాలి కానీ వేలు లోపలికి దిగిపోకూడదు, పైన నూనె మెరుపు కనిపించకూడదు. మెరుస్తోందంటే కరగడం మొదలైందన్నమాట. అలాంటి వెన్న గాలిని పట్టుకోలేదు, ఎంత గిలక్కొట్టినా క్రీమ్ జారుగానే ఉంటుంది. మైక్రోవేవ్‌లో పెడితే నడిమి భాగం కరిగి అంచులు గట్టిగా మిగులుతాయి. దానికన్నా చిన్న ముక్కలుగా కోసి బయట వదిలేయడం మేలు.

ముందు వెన్న ఒక్కటే బీటర్‌తో 5 నిమిషాలు కొట్టండి. పసుపు రంగు తగ్గి తెల్లబడుతుంది. తర్వాత జల్లించిన ఐసింగ్ షుగర్‌ను మూడు విడతలుగా వేయండి. మొదట తక్కువ స్పీడ్‌లో తిప్పకపోతే వంటగదంతా పంచదార పొగే. అంతా కలిశాక 3 నిమిషాలు వేగంగా కొట్టి, ఎసెన్స్, ఉప్పు వేసి, పాలు అర స్పూను చొప్పున కలపండి. చివర్లో బీటర్ పక్కన పెట్టి, స్పాచులాతో క్రీమ్‌ను గిన్నె గోడకేసి నొక్కుతూ రెండు నిమిషాలు కలపండి. ఈ పని ఎవరూ చెప్పరు గానీ, లోపలి బుడగలు పోయేది దీనితోనే. లేకపోతే కేకు పక్కలు నున్నగా చేసేటప్పుడు స్క్రేపర్ (క్రీమ్‌ను గీకి చదును చేసే పలక) వెంట సన్న రంధ్రాలు వరసగా తేలతాయి.

ఇంట్లో మిక్సీ పట్టిన పంచదారలో ఎంత జల్లించినా కాస్త పలుకు ఉంటుంది. కప్‌కేకు పైపూతకు ఫర్వాలేదు. సన్న నాజిల్‌లో (క్రీమ్ పిండే బ్యాగ్ కొనకు పెట్టే గొట్టంలో) మాత్రం ఆ పలుకే అడ్డం పడుతుంది. ఇంటి పొడే వాడాలనుకుంటే 100 గ్రాములకు 1 టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ కలిపి రెండుసార్లు జల్లించండి. కొన్న ఐసింగ్ షుగర్‌లో గడ్డకట్టకుండా సాధారణంగా పిండి కలిపే ఉంటుంది.

క్రీమ్ జారుగా ఉంటే వెంటనే ఐసింగ్ షుగర్ గుమ్మరించకండి. ముందు గిన్నెను 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ కొట్టి చూడండి. చాలాసార్లు అంతే కావాల్సింది. అప్పటికీ నిలవకపోతే 2 టేబుల్ స్పూన్ల ఐసింగ్ షుగర్ చేర్చండి. విరిగినట్టు కనిపిస్తే వెన్నో పాలో మరీ చల్లగా ఉన్నాయని అర్థం. గిన్నె అడుగును వేడినీటి మీద కొన్ని సెకన్లు ఉంచి కొడితే కలిసిపోతుంది.

ఇది మరీ తీపి అనిపించేవారికి స్విస్ మెరింగ్ బటర్‌క్రీమ్ ఉంది. మెరింగ్ అంటే పంచదారతో నురగలా కొట్టిన తెల్లసొన. గుడ్డు తెల్లసొనలు 4, పంచదార 240 గ్రాములు, వెన్న 340 గ్రాములు. తెల్లసొన, పంచదార ఉన్న గిన్నెను మరిగే నీళ్ల ఆవిరి మీద పెట్టి, 71 డిగ్రీలు వచ్చేదాకా ఆపకుండా కలపాలి. వేళ్ల మధ్య రుద్దితే పంచదార పలుకు తగలకూడదు. దించి, గిన్నె అడుగు చేతికి చల్లగా తగిలేవరకు కొట్టాలి. ఆ తర్వాతే వెన్నను ముక్క తర్వాత ముక్క వేయాలి. సగంలో మొత్తం విరిగిపోయినట్టు భయపెడుతుంది. పారబోయకండి, కొడుతూనే ఉంటే దానంతటదే నున్నగా వస్తుంది. పులుసులా పలచనైతే మెరింగ్ ఇంకా వేడిగా ఉండగానే వెన్న వేశారన్నమాట. ఫ్రిజ్‌లో 15 నిమిషాలు ఉంచి మళ్లీ కొట్టండి. గిన్నెకు జిడ్డున్నా, తెల్లసొనలో పచ్చసొన చుక్క పడినా మెరింగ్ సరిగా పొంగదు.

రంగులు

జెల్ రంగులే వాడండి. ద్రవరూపంలో వచ్చే రంగులతో గాఢమైన ఛాయ రావాలంటే ఎక్కువ పోయాలి, ఆ నీటితో క్రీమ్ పలచబడుతుంది. జెల్‌ను టూత్‌పిక్ కొనతో తీసుకోండి, ప్రతిసారీ కొత్త టూత్‌పిక్‌తో. రంగు కలిపిన వెంటనే కనిపించేది అసలు ఛాయ కాదు. కొన్ని గంటల్లో ముదురుతుంది, కాబట్టి కావాల్సినదానికన్నా ఒక మెట్టు లేతగా ఆపేయండి. ముదురు ఎరుపు, నలుపు ముందురోజే కలిపి పెట్టుకోవాలి. నలుపును తెల్ల క్రీమ్‌తో మొదలుపెడితే సీసా సగం ఖాళీ అవుతుంది, నాలుకకు చేదూ తగులుతుంది. కోకో కలిపిన క్రీమ్‌తో మొదలుపెడితే కొద్ది రంగుతోనే పని అయిపోతుంది.

వెన్నలో సహజంగా పసుపు ఛాయ ఉంటుంది. అందుకే నీలం వేస్తే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. ముందు సూదిమొనంత ఊదా రంగు కలిపితే పసుపు విరిగి క్రీమ్ తెల్లబడుతుంది. సూదిమొనంతే! ఎక్కువైతే బూడిద రంగే మిగులుతుంది.

కప్‌కేకుల మీద సుడులు

కప్‌కేకులు ట్రేలోంచి తీసి కనీసం గంట చల్లారాలి. పైభాగం చల్లబడినా అడుగు వెచ్చగా ఉండొచ్చు, అడుగును అరచేతిలో పెట్టుకుని చూడండి. వెచ్చటి కేకు మీద ఏ క్రీమూ నిలవదు. పైభాగం గోపురంలా లేచి ఉంటే కాస్త కోసి చదును చేయండి.

నాజిల్స్‌కు అంకెలుంటాయి. విల్టన్ కంపెనీ అంకెల్లో 1ఎం అనే పెద్ద నక్షత్రం నాజిల్ ఒక్కటున్నా సుడి, గులాబీ, అంచు మూడూ వస్తాయి. గుండ్రటి మృదువైన మెట్లకు 1ఎ, ఆకులకు 352, రేకులకు 104, గడ్డికి 233. మొదట కొనేవారు పాతిక నాజిల్స్ సెట్ కొని అందులో మూడే వాడతారు. 1ఎం, 352, ఒక సన్న గుండ్రటిది ఉంటే ఏడాది గడిచిపోతుంది.

పైపింగ్ బ్యాగ్‌ను పొడవాటి గ్లాసులో నిలబెట్టి, అంచును బయటకు మడిచి సగానికి మాత్రమే నింపండి. నిండా పోస్తే వెనక నుంచి కారుతుంది, పైగా చేతి వేడికి లోపలి క్రీమ్ కరుగుతుంది. మెడ దగ్గర మెలిపెట్టి, మెలికను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోండి. నొక్కేది పైచెయ్యే, కిందిచెయ్యి దారి చూపడానికే. మొదట గిన్నెలోకి కాస్త వదిలి గాలి తీసేయండి.

నాజిల్‌ను నిటారుగా, కేకుకు ఒక సెంటీమీటరు ఎత్తులో పట్టుకోండి. సుడికి బయటి అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి తిరుగుతూ పైకి వెళ్లాలి. గులాబీకి నడుమ మొదలుపెట్టి బయటికి, ఒకే ఎత్తులో తిప్పాలి. ముగింపు దగ్గర ముందు నొక్కడం ఆపి, ఆ తర్వాతే చేయి పైకెత్తండి. తోకలు సాగడానికి కారణం నొక్కుతూనే ఎత్తడం. నాజిల్‌ను కేకుకు ఆనించి లాగితే క్రీమ్ పడదు, గీతలు పడతాయి. మొదటి ఆరు సుడులూ ప్లేటు మీద వేసి, క్రీమ్‌ను తిరిగి బ్యాగ్‌లో వేసుకోండి. ఏమీ వృథా కాదు. రేకుల అంచులు రంపపు పళ్లలా చిట్లుతున్నాయంటే క్రీమ్ గట్టిగా ఉంది, అర స్పూను పాలు చాలు. సుడి గీతలు కరిగి కలిసిపోతుంటే బ్యాగ్‌ను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పడేయండి.

పెద్ద కేకు

పొరల పైభాగాలు రంపపు కత్తితో సమంగా కోయండి. చల్లబడ్డ కేకు తక్కువ రాలుతుంది, అందుకే ప్లాస్టిక్ కవర్ చుట్టి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి మొదలుపెడితే సుఖం. పొరల మధ్య జామ్ పెడుతుంటే ముందు అంచు వెంట క్రీమ్‌తో కట్ట వేయండి. లేకపోతే బరువుకు జామ్ పక్కల నుంచి ఉబ్బి వస్తుంది.

బయట మొదటి పూత చాలా పలచగా ఉండాలి, కేకు కనిపించేంత పలచగా. రాలే పొడిని పట్టి ఉంచడమే దాని పని. దీన్ని క్రంబ్ కోట్ అంటారు. 30 నిమిషాలు ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి రెండో పూత వేయండి. ఈసారి కావాల్సినదానికన్నా ఎక్కువ క్రీమ్ పూసి, స్క్రేపర్‌ను నిలువుగా ఒకేచోట పట్టుకుని టర్న్‌టేబుల్ (కేకు పెట్టి తిప్పే పీట) తిప్పండి. అదనపు క్రీమ్ గీకి వస్తుంది. గుంటలున్నచోట మళ్లీ నింపి, మళ్లీ గీకండి. పై అంచు లేచి ఉంటే బయటి నుంచి నడుమకు లాగి చదును చేయాలి.

ఫాండెంట్

ఫాండెంట్ కింద ఏముందన్నదే సగం పని. విప్డ్ క్రీమ్ మీద ఫాండెంట్ వేయొద్దు. దానిలోని నీటిని ఫాండెంట్‌లోని పంచదార లాక్కుని, జిగటై జారిపోతుంది. గట్టిబడిన బటర్‌క్రీమ్ గానీ గనాష్ (చాక్లెట్, పాల క్రీమ్ కలిపి చేసే పూత) గానీ ఉండాలి. గనాష్‌కు డార్క్ చాక్లెట్ అయితే బరువులో 2 వంతులకు 1 వంతు పాల క్రీమ్, వైట్ చాక్లెట్ అయితే 3 వంతులకు 1 వంతు. రాత్రి చేసి మూతపెడితే పొద్దుటికి పూయడానికి వీలుగా తయారవుతుంది. వేడిగా ఉండే గదుల్లో బటర్‌క్రీమ్ కన్నా ఇదే నమ్మకం.

ఎంత పెద్దగా ఒత్తాలో లెక్క తేలిక. కేకు వ్యాసానికి ఎత్తును రెండుసార్లు కలపండి. 20 సెంటీమీటర్ల వ్యాసం, 10 సెంటీమీటర్ల ఎత్తుంటే 40, అంచులకు మరో 4. అంటే 44 సెంటీమీటర్ల వృత్తం. 4 మిల్లీమీటర్ల మందంలో దీనికి 900 గ్రాముల దాకా పడుతుంది కాబట్టి కిలో దగ్గర పెట్టుకోండి. 2 మిల్లీమీటర్లకు ఒత్తితే కింది ఎగుడుదిగుళ్లన్నీ పైకి కనిపిస్తాయి, అంచు దగ్గర చిరుగుతుంది.

ఫాండెంట్ మెత్తబడి సాగేదాకా పిసకండి. కేకు బటర్‌క్రీమ్‌ది అయితే దాని మీద బ్రష్‌తో నీళ్లు అతి తేలిగ్గా అద్దండి. గనాష్‌కూ అంతే. తడి ఎక్కువైతే కింద బుడగలు పుడతాయి. బల్ల మీద కార్న్‌ఫ్లోర్ పలచగా చల్లి, ఒక్కో ఒత్తుకూ ఫాండెంట్‌ను కొద్దిగా తిప్పుతూ అప్పడాల కర్రతో ఒత్తండి. తిరగేయకూడదు. కర్రకు చుట్టి ఎత్తి కేకు మీద పరిచాక వేగంగా కదలాలి. ముందు పైభాగం, వెంటనే పై అంచు చుట్టూ. బరువు వేలాడేది అక్కడే కాబట్టి చిరిగేదీ అక్కడే. తర్వాత పక్కల్లో పడ్డ కుచ్చిళ్లను ఒక చేత్తో బయటికి విప్పి, ఇంకో చేత్తో పైనుంచి కిందికి నిమరండి. కుచ్చిళ్లను నొక్కేస్తే మడతలు శాశ్వతం. అడుగున ఒక సెంటీమీటరు వదిలి కోసి, స్మూదర్‌తో నున్నగా చేసి, చివరగా అంచు వెంట కోయండి.

పై అంచు దగ్గర ఏనుగు చర్మంలా పగుళ్లు వచ్చాయా? ఫాండెంట్ ఎండింది, ఒత్తడానికి ఎక్కువసేపు తీసుకున్నారు లేదా పిండి ఎక్కువ చల్లారు. వేలికి కొద్దిగా షార్టెనింగ్ (వనస్పతి లాంటి గట్టి కొవ్వు) రాసుకుని గుండ్రంగా రుద్దితే సన్న పగుళ్లు మూసుకుంటాయి. పెద్దవైతే అక్కడో పువ్వు పెట్టడమే, దానికి సిగ్గుపడక్కర్లేదు. లోపల గాలిబుడగ ఉంటే సన్న సూదిని ఏటవాలుగా గుచ్చి గాలి వదిలి నిమరండి.

ఇంట్లోనే చేయాలంటే 250 గ్రాముల తెల్ల మార్ష్‌మాలోలు, 1 టేబుల్ స్పూన్ నీళ్లు మైక్రోవేవ్‌లో 30 సెకన్ల విడతలుగా కరిగించి, సుమారు 500 గ్రాముల ఐసింగ్ షుగర్ కలుపుతూ, షార్టెనింగ్ రాసిన చేతులతో పిసకాలి. చివరి 100 గ్రాములు ఒకేసారి వేయకండి, గాలిలో తేమను బట్టి పట్టేది మారుతుంది. కవర్ చుట్టి రాత్రంతా ఉంచితేనే బాగా సాగుతుంది. మార్ష్‌మాలోల్లో సాధారణంగా జెలటిన్ ఉంటుంది, మాంసాహారం తినని అతిథులుంటే పాకెట్ మీద చూసుకోండి.

పూలు, బొమ్మలు నిలబడాలంటే మామూలు ఫాండెంట్ చాలదు. 250 గ్రాములకు 1 టీస్పూన్ సిఎంసి పొడి లేదా టైలోజ్ (ఫాండెంట్‌ను గట్టిపరిచే పొడులు) కలిపి అరగంట కవర్‌లో ఉంచండి. బొమ్మలైతే రెండు మూడు రోజుల ముందే చేసి గాలికి ఆరనివ్వాలి. అతికించడానికి పావు టీస్పూన్ సిఎంసిని 2 టేబుల్ స్పూన్ల నీటిలో వేసి రాత్రంతా నానబెడితే జిగురు తయారు. తీగ ఉన్న పూలను నేరుగా కేకులోకి గుచ్చొద్దు, తీగను స్ట్రాలో దూర్చి గుచ్చండి. మెరుపు పొడి డబ్బా మీద విషరహితం అని మాత్రమే రాసి ఉంటే అది తినడానికి పనికొచ్చేదని అర్థం కాదు. తినదగినదని స్పష్టంగా రాసి, దినుసుల పట్టీ ఉన్నదే తీసుకోండి.

ఫ్రిజ్, చెమట, కోయడం

ఫాండెంట్ కేకును ఫ్రిజ్‌లోంచి నేరుగా బయటపెడితే గాలిలోని తేమ దాని మీద నీటిబిందువులై పేరుకుంటుంది. అప్పుడు ముట్టుకుంటే వేలిముద్రలు పడతాయి, ముదురు రంగులు పాకుతాయి. అట్టపెట్టెలో మూసి ఫ్రిజ్‌లో పెట్టండి, తీశాక పెట్టె తెరవకుండా గది వేడికి రానివ్వండి. తేమ పెట్టెకు పడుతుంది. అప్పటికే చెమట పట్టి ఉంటే తుడవకుండా ఫ్యాన్ గాలికి వదిలేయండి, ఆరిపోతుంది. మిగిలిన ఫాండెంట్‌కు షార్టెనింగ్ రాసి, కవర్‌లో గట్టిగా చుట్టి, డబ్బాలో బయటే ఉంచాలి.

బటర్‌క్రీమ్ కేకును కోయడానికి గంటన్నర ముందే బయట పెట్టండి, చల్లగా ఉంటే క్రీమ్ నోట్లో వెన్న ముద్దలా తగులుతుంది. పుల్లలు, తీగలు, స్ట్రాలు లెక్కపెట్టి తీసేశాక, పొడవాటి కత్తిని వేడినీటిలో ముంచి తుడిచి కోయండి. ప్రతి ముక్కకూ మళ్లీ ముంచి తుడవాలి.